ముగ్గురు బౌలర్లు – ఒకే సగటు

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, మొగుడంపల్లి)

హైదరాబాదు రంజీ జట్టు తరఫున ఆడి, భారత జట్టుదాకా ఎదిగిన స్పిన్ బౌలర్లు చాలామంది ఉన్నారు. వారిలో ముగ్గురిని ఈ వ్యాసం కోసం ఎంచుకున్నాను. మొదటివారు గులాం అహ్మద్. 1948-49 సీజన్ నుంచి 1958-59 సీజన్ దాకా 22 టెస్టులాడి 68 వికెట్లు తీశారు. రెండవవారు తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు. 1990 నుంచి 2001 మధ్య 28 టెస్టుల్లో 93 వికెట్లు తీశారు. మూడవవారు ప్రజ్ఞాన్ ఓఝా. 2009 నుంచి 2013 దాకా 24 టెస్టుల్లో 113 వికెట్లు తీశారు.

ఇప్పుడు ఈ ముగ్గురి బౌలింగు సగటు చూడండి. గులాం అహ్మద్‌ది 30.17, రాజుది 30.72, ఓఝాది 30.26. ముగ్గురివీ ముప్ఫై దాటి ముప్ఫై ఒకటి లోపే. అంటే ముగ్గురూ సమానమేనా? మొదటాయనకూ చివరాయనకూ మధ్య అరవై యేండ్ల దూరముంది. పిచ్‌లు మారినయి, బ్యాట్లు మారినయి, ఆట వేగం మారింది. అయినా అంకె మాత్రం మారలేదు. ఈ అంకె మనకు నిజం చెబుతున్నదా, లేక నిజాన్ని దాస్తున్నదా?

ఇది క్రికెట్టు అభిమానుల కాలక్షేపపు ప్రశ్న మాత్రమే అనుకోకండి. పరీక్షలో మార్కులైనా, చేలో దిగుబడి అయినా, మనుషులను సగటుతో పోల్చి తీర్పు చెప్పే ప్రతిచోటా ఇదే ప్రశ్న వస్తుంది. ముందు ఆటతో మొదలుపెట్టి, తరువాత మా ఊరి పొలాల దాకా పోదాం.

సగటు అంటే ఏమిటి?

బౌలింగు సగటు లెక్క చాలా సులువు. బౌలరు ఇచ్చిన పరుగులను అతను తీసిన వికెట్లతో భాగిస్తే వచ్చేదే సగటు. గులాం అహ్మద్ 2052 పరుగులిచ్చి 68 వికెట్లు తీశారు, భాగించి చూడండి. అంకె ఎంత చిన్నదైతే బౌలరు అంత గొప్ప అని మనం అనుకుంటాం.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. స్లిప్పులో నిలబడ్డవాడు క్యాచ్ జారవిడిస్తే, ఆ బ్యాట్స్‌మన్ తరువాత కొట్టిన పరుగులు బౌలరు ఖాతాకే పోతాయి. వికెట్ కీపరు వదిలేసిన బై పరుగులు మాత్రం పోవు. వైడ్లు, నోబాల్స్ బౌలరు లెక్కలో చేర్చడం 1980లలో మొదలయింది. అంటే గులాం అహ్మద్ లెక్కా, ఓఝా లెక్కా రాసిన పద్ధతే అచ్చంగా ఒకటి కాదు. ఒకే కొలపాత్రతో కొలిచినట్టు కనిపించినా, పాత్ర అడుగు కొంచెం మారిందన్నమాట.

అమెరికా వాళ్లు ఏం చేశారు?

ఇలాంటి పోలికలకు ఒక పద్ధతి కనిపెట్టినవాళ్లు అమెరికాలోని బేస్‌బాల్ లెక్కల మనుషులు. బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు చుట్టం లాంటిది. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఒక్కో జట్టు తొమ్మిది వంతులు బ్యాటింగు చేస్తుంది. ముగ్గురు ఔటయితే ఒక వంతు అయిపోయినట్టు. మొదలుపెట్టిన పిచ్చర్ అలసిపోయినా, దెబ్బలు తిన్నా అతణ్ణి దించి ఇంకొకణ్ణి దింపుతారు. ఆ వచ్చినవాణ్ణి రిలీఫ్ పిచ్చర్ అంటారు. ఒకసారి దిగిపోయినవాడు మళ్లీ ఆ ఆటలోకి రావడానికి వీల్లేదు.

పిచ్చర్‌కు కూడా ఒక సగటు ఉంది. తొమ్మిది వంతులు వేస్తే ఎన్ని పరుగులిచ్చేవాడు అన్నదే ఆ లెక్క. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చిన పరుగులను ఇందులోంచి తీసేస్తారు. క్రికెట్టులో లేని న్యాయం ఇది. అయినా వాళ్లకూ మన సమస్యే ఎదురైంది. 1968లో అక్కడి రెండు పెద్ద లీగులలోనూ సగటు మూడు లోపే ఉండింది. పిచ్చర్లను ఎదుర్కోవడం మరీ కష్టమైపోయిందని, పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 1969లో 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు. 2000 సంవత్సరం నాటికి అమెరికన్ లీగు సగటు 4.91కి పెరిగింది. మరి 1968లో 3.00 సగటు ఉన్నవాడూ, 2000లో 3.00 సగటు ఉన్నవాడూ ఒకటేనా? ముమ్మాటికీ కాదు. మొదటివాడు నలుగురిలో ఒకడు, రెండవవాడు నలుగురినీ మించినవాడు.

అందుకని వాళ్లు ఒక చిన్న భాగహారం చేస్తారు. లీగు సగటును ఆటగాడి సగటుతో భాగించి వందతో గుణిస్తారు. ఏ మైదానంలో పరుగులు సులువుగా వస్తాయో చూసి దానికి తగ్గట్టు సర్దుతారు. వచ్చిన అంకె 100 అయితే నలుగురితోపాటు ఉన్నట్టు. 100 దాటితే మెరుగు, 100కు తగ్గితే వెనుకబాటు.

ఇద్దరు పేరుమోసిన రిలీఫ్ పిచ్చర్ల లెక్క చూద్దాం. బ్రూస్ సట్టర్ 1976 నుంచి 1988 దాకా ఆడి 2.83 సగటుతో ముగించాడు. ట్రెవర్ హాఫ్‌మన్ 1993 నుంచి 2010 దాకా ఆడి 2.87తో ముగించాడు. వట్టి అంకె చూస్తే సట్టరే వెంట్రుకవాసి ముందున్నాడు. కాని వాళ్ల వాళ్ల కాలపు సగటుతో పోల్చితే సట్టర్‌కు 136, హాఫ్‌మన్‌కు 141 వస్తాయి. పరుగుల వాన కురిసిన కాలంలో హాఫ్‌మన్ తడవకుండా నిలబడ్డాడు కనుక తీర్పు తిరగబడింది. వీరందరికంటే పైన మరియానో రివేరా ఉన్నాడు. 1995 నుంచి 2013 దాకా ఆడిన ఇతని సగటు 2.21, పోలిక అంకె 205. అంటే సగటు పిచ్చర్ ఇచ్చే పరుగుల్లో సగం కూడా ఇవ్వలేదన్నమాట.

మన ముగ్గురి సంగతి

ఈ కొలతను మన బౌలర్లకు పెట్టి చూద్దాం. ప్రపంచమంతటి టెస్టు క్రికెట్టులో ఒక వికెట్టుకు 1950లలో స్థూలంగా 28 పరుగులు, 1990లలో 31, 32 మధ్య, ఓఝా ఆడిన కాలంలో 33, 34 మధ్య వచ్చేవి. భాగించి చూస్తే గులాం అహ్మద్‌కు సుమారు 93, రాజుకు 102 లేక 103, ఓఝాకు సుమారు 110 వస్తుంది. ఒకేలా కనిపించిన ముగ్గురూ మూడు మెట్ల మీద నిలబడ్డారు. ఓఝా అందరికంటే పైన, గులాం అహ్మద్ అందరికంటే కింద.

ఇక్కడితో ఆపేసి "లెక్క తేలింది" అంటే తొందరపాటే అవుతుంది. ఎందుకంటే మనం ఎవరితో పోల్చామో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఆ 28 అనే అంకెలో ఇంగ్లండులోని తడి పిచ్‌ల మీద బంతి వేసిన ఫాస్ట్ బౌలర్లున్నారు, ఆస్ట్రేలియా వాళ్లున్నారు, అందరూ ఉన్నారు. వాళ్లతో గులాం అహ్మద్‌కు పోలికేమిటి? ఆయన బంతి వేసిన పిచ్‌ల మీదనే బంతి వేసి, అదే ఫీల్డర్లను నమ్ముకున్నవాళ్లతో పోల్చాలి. అటువంటివారు ఇద్దరున్నారు. సుభాష్ గుప్తే 149 వికెట్లు 29.55 సగటుతో తీశాడు. వినూ మన్కడ్ 162 వికెట్లు 32.32తో తీశాడు. భారత క్రికెట్టు చరిత్రలో ఇద్దరివీ పెద్ద పేర్లే. గులాం అహ్మద్ 30.17 వారిద్దరి మధ్యలో, గుప్తేకు దగ్గరగా ఉంది. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఒకే ఇన్నింగ్సులో 49 పరుగులకు 7 వికెట్లు తీసినవాడు ఆయన. ప్రపంచ సగటు 'వెనుకబడ్డాడు' అన్న మనిషిని తోటివాళ్ల సగటు 'సమవుజ్జీ' అంటున్నది.

రాజును కూడా అట్లాగే చూద్దాం. 1993లో ఇంగ్లండును మూడు టెస్టుల్లోనూ ఓడించినప్పుడు అనిల్ కుంబ్లే, రాజేష్ చౌహాన్, రాజు కలిసి బంతి తిప్పారు. కుంబ్లే జీవితకాలపు సగటు 29.65, చౌహాన్‌ది 39.51. రాజు 30.72తో కుంబ్లే పక్కనే నిలబడుతున్నాడు. అయితే కుంబ్లే తీసిన వికెట్లు 619. అంతకాలం ఆ సగటును నిలబెట్టడం వేరే గొప్పతనం.

ఓఝా దగ్గరికి వస్తే తీర్పు ఇటు తిరుగుతుంది. ఆయన ఆడిన టెస్టుల్లో ఎక్కువ భాగం మన దేశంలోనే, బంతి తిరిగే పిచ్‌ల మీదనే. ఆయనతో కలిసి బంతి వేసిన హర్భజన్ జీవితకాలపు సగటు 32.46, అశ్విన్‌ది 24.00. మొదటాయనకంటే మెరుగు, రెండో ఆయనకు చాలా దూరం. కనుక 110 అన్న అంకెలో కొంత భాగం ఓఝా వేళ్లది, కొంత భాగం ఆ మట్టిది.

బేస్‌బాల్‌లో కూడా ఇదే జాగ్రత్త అవసరం. రిలీఫ్ పిచ్చర్ ఒక్క వంతు వేసి పోతాడు కనుక ఉన్న బలమంతా ఒక్కసారే పెట్టగలడు. పైగా ముందటివాడు మైదానంలో వదిలిపోయిన రన్నర్లు ఇంటికి చేరితే ఆ పరుగులు ముందటివాడి ఖాతాకే పోతాయి, వీడికి అంటవు. అందుచేత మొదటినుంచీ వేసే పిచ్చర్లతో కలిపి తీసిన సగటు కంటే రిలీఫ్ పిచ్చర్ బాగున్నాడంటే అందులో వింత లేదు. అతణ్ణి రిలీఫ్ పిచ్చర్లతోనే పోల్చాలి. దున్నే ఎద్దును దున్నే ఎద్దుతో, బండి ఎద్దును బండి ఎద్దుతో పోల్చినట్టు.

ఒక్కరోజు చేసే మాయ

సగటులో ఇంకో గమ్మత్తు ఉంది. 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద రాజు ఒక ఇన్నింగ్సులో 12 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఆ ఒక్క ఇన్నింగ్సును లెక్కలోంచి తీసేసి చూడండి. 2857 పరుగుల్లోంచి 12, 93 వికెట్లలోంచి 6 పోతే సగటు 32.70 అవుతుంది. పదకొండేండ్ల ఆటలో ఒక్క ఇన్నింగ్సు సగటును రెండు పరుగులు కిందికి లాగింది.

ఓఝా సంగతి ఇంకా విచిత్రం. 2013 నవంబరులో ముంబయిలో వెస్టిండీస్ మీద ఆడిన టెస్టు సచిన్ తెండూల్కర్‌కు ఆఖరిది కనుక దేశమంతా చూసింది. ఆ మ్యాచ్‌లో ఓఝా 40 పరుగులకు 5, మళ్లీ 49 పరుగులకు 5 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు. ఆ మ్యాచ్‌కు ముందు అతని సగటు 32.34, తరువాత 30.26. అదే అతని ఆఖరి టెస్టు కూడా అయింది. 2014 చివర్లో అతని బౌలింగు తీరు మీద అభ్యంతరం వచ్చింది, 2015లో అది సవ్యమేనని తేలింది. అయినా టెస్టు జట్టులోకి మళ్లీ రాలేదు. ఈ కథంతా 30.26 అనే అంకెలో ఎక్కడా కనిపించదు.

లెక్క తక్కువగా ఉన్నచోట ఒక్కరోజు బరువు ఎక్కువ. రిలీఫ్ పిచ్చర్ ఏడాదికి సుమారు 65 వంతులు వేస్తాడనుకుంటే, ఒక్కరోజు ఐదు పరుగులు అదనంగా ఇచ్చినా అతని సగటు దాదాపు 0.7 పెరుగుతుంది. ఏడాదంతా చేసిన మంచి పనిని ఒక్క సాయంత్రం మింగేస్తుంది.

ఉప్పల్ స్టేడియంలో ఒక రాత్రి

ఇరవై ఓవర్ల ఆటలో పోలిక ఇంకా ముఖ్యం. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 277 పరుగులు చేస్తే, ముంబయి ఇండియన్స్ 246 చేసింది. మొత్తం 40 ఓవర్లలో 523 పరుగులు. ఓవరుకు 13 పైన. ఆ రాత్రి బుమ్రా నాలుగు ఓవర్లలో 36 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్టూ దొరకలేదు. మామూలు రోజున ఈ అంకె చూసి పెదవి విరుస్తాం. కాని అందరూ ఓవరుకు 13 ఇస్తున్నచోట అతను 9 ఇచ్చాడు. అవతలి పక్క ప్యాట్ కమిన్స్ నాలుగు ఓవర్లలో 35 ఇచ్చి 2 వికెట్లు తీశాడు. ఆ రాత్రి పరుగుల వరదకు కాసేపైనా కట్ట వేసినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు.

సీజన్ల మధ్య తేడా కూడా ఇంతే. దక్కన్ ఛార్జర్స్ గెలిచిన 2009 ఐ.పి.ఎల్.లో ఓవరుకు సగటున సుమారు ఏడున్నర పరుగులు వచ్చాయి. 2024లో సుమారు తొమ్మిదిన్నర. ఓవరుకు 8 ఇచ్చే బౌలరు 2009లో సగటు కంటే వెనుక, 2024లో సగటు కంటే బాగా ముందు. మనిషి అదే, బంతి అదే. చుట్టూ ఉన్న లోకం మారింది.

చేను – సగటు

ఇప్పుడు మా ఊరికి వద్దాం. మా దిక్కు చెరుకు, అల్లం, కంది, ఆలుగడ్డ, పెసర, మినుము పండిస్తారు. ఒక పక్క ఎర్ర చెలక, ఒక పక్క నల్ల రేగడి. బోరున్న చేనుకూ, వాన మీద ఆధారపడ్డ చేనుకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. కంది పూత మీద ఉన్నప్పుడు ఒక్క వాన ఈ చేను మీద పడి పక్క చేను మీద పడకపోవడం మాకు కొత్త కాదు.

మన దేశంలో పంటల బీమా చాలామటుకు సగటు మీదనే నడుస్తుంది. ఒక్కో రైతు నష్టాన్ని విడివిడిగా కొలవడం కష్టం గనుక, ఒకే తీరు ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని దాని సగటు దిగుబడిని బట్టి పరిహారం ఇవ్వాలని 1976లో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ సూచించారు. 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా, 1999లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా, 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా – మూడూ ప్రధానంగా ఈ దారినే నడిచాయి. ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లో తప్పుకుంది.

పద్ధతి ఇట్లా ఉంటుంది. గ్రామంలోనో మండలంలోనో కొన్ని చేలను ఎంచి, కొలిచిన మడిలో పంట కోసి తూకం వేస్తారు. ఆ తూకాల సగటును, గడిచిన యేండ్ల దిగుబడుల నుంచి కట్టిన హద్దుతో పోలుస్తారు. హద్దుకు తగ్గితే యూనిట్‌లో బీమా చేసిన అందరికీ పరిహారం, తగ్గకపోతే ఎవరికీ లేదు. వడగండ్లు, చేను మునగడం లాంటి వాటికి ఫసల్ బీమాలో విడిగా చూసే ఏర్పాటు ఉంది. కాని వాన ముఖం చాటేసి చేను ఎండిపోతే సగటే దిక్కు.

లెక్క కోసం అనుకుందాం: ఎకరానికి నాలుగు క్వింటాళ్లు హద్దు. నీళ్లున్న చేలు ఆరు పండినయి, ఎర్ర చెలకలు రెండు పండినయి. కోతకు ఎంచిన చేలు సగం సగం అయితే సగటు సరిగ్గా నాలుగు. కాగితం మీద పంట నష్టమే లేదు! రెండు క్వింటాళ్ల రైతు ఇంట్లో మాత్రం గింజలూ లేవు, పరిహారమూ లేదు. గులాం అహ్మద్‌ను ఇంగ్లండు పిచ్‌ల బౌలర్లతో కలిపి తూచినట్టే ఇదీను.

ఇంకో సంగతి. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు, అదివరకు జహీరాబాద్ మండలంలో ఉన్న మా మొగుడంపల్లి కొత్త మండలమయింది. మండలాన్ని యూనిట్‌గా తీసుకునే ఏ లెక్కకైనా, ఆ రోజుతో మా చేలను పోల్చే గుంపు మారిపోయినట్టే. నేల అదే, రైతు అదే, గీత జరిగింది. గీత జరిగితే సగటు జరుగుతుంది. సగటు జరిగితే తీర్పు జరుగుతుంది.

అట్లాగని సగటు పనికిరాదని నేననడం లేదు. ఈ పద్ధతికి మేలైన గుణం కూడా ఉంది. పక్కవాళ్లకంటే కష్టపడి ఎక్కువ పండించిన రైతుకు కూడా, ప్రాంతమంతా కరువొస్తే పరిహారం అందుతుంది. ఎవరూ కావాలని చేను పాడుచేసుకోవలసిన పని లేదు. మా నాయన చదువుకోలేదు గాని ప్రతి యేడూ సగటు పోలిక చేస్తాడు. తన చెలక పంటను ఊళ్లో మిగతా చెలకలతోనే పోలుస్తాడు, రేగడితో పోల్చడు. బేస్‌బాల్ లెక్కల వాళ్లు పుస్తకాల్లో రాసిందీ ఈ సంగతే.

మనకేమిటి?

మిత్రులారా, మనం కూడా అంకెల మనుషులమే. ఫలానావాడికి అరవై శాతం, ఫలానావాడికి డెబ్బై అని తీర్పు చెప్పుకుంటాం. పేపరు కష్టంగా వచ్చిన యేడు వచ్చిన అరవై, తేలికగా వచ్చిన యేడు వచ్చిన డెబ్బై కంటే గొప్పది కావచ్చు. అందుకే వేర్వేరు పూటల్లో జరిగే ప్రవేశ పరీక్షల్లో మార్కులను ఒక కొలతకు తెచ్చి పోలుస్తున్నారు. ఇంగ్లీషు మీడియం పట్నం బడి నుంచి వచ్చినవాణ్ణీ, తెలుగు మీడియంలో చదివి సెలవుల్లో కలుపు తీసి వచ్చినవాణ్ణీ ఒకే సగటు కింద నిలబెట్టేముందు ఒక్క నిమిషం ఆగడం మంచిది.

ఎవరైనా ఒక సగటు చూపించినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇది ఎవరి సగటు? ఎన్నింటి మీద కట్టిన సగటు? ఏ నేల మీద, ఏ కాలంలో కట్టింది? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాత ఆ అంకెను నమ్మవచ్చు. అప్పటిదాకా 30.17, 30.72, 30.26 అనేవి మూడు అంకెలు మాత్రమే. ముగ్గురు మనుషులు కారు.